పెద్దమేడం మొక్కకి గార పట్టినప్పుడు

నా చెయ్యి మంచిదని నేను గట్టిగా నమ్ముతూ ఉండిన కాలమది. ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డాక, కుండీలో ఒక తీగ ఎండిపోతే పోనీలే అనుకుని ఇంకోటి నాటుకుంటున్నాను గానీ, ఇరవై నాలుగేళ్ళప్పుడు నా చేతికింద చచ్చే మొక్క ఈ భూమ్మీద లేదనుకునేదాన్ని. అనుకుని ఊరుకోలేదు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేదాన్ని కూడా. ఆత్మకూరులో ఒక ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా అప్పుడే చేరాను. ఇల్లు ఉదయగిరిలో. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. నాయనకు నాలుగెకరాల మెట్ట, అవ్వకు ఆరు మేకలు. అంతకుముందు మా ఇంట్లో ఫైలు అనేదాన్ని ముట్టుకున్నవాళ్ళు లేరు. కాబట్టి నాకు తల కొంచెం పైకే ఉండేది. (కొంచెమా అని మా అమ్మ అడుగుతుంది. సరే, బాగానే ఉండేది.)

ఈ మొక్కల పిచ్చి ఆఫీసులోనే అంటుకుంది. కొత్త సంవత్సరం రోజు ఆఫీసర్లను చూడ్డానికి వచ్చేవాళ్ళు పూలబొకేలకు బదులు మొక్కలు తేవాలని పైనుంచి ఎవరో చెప్పారట. జనవరి ఒకటిన మా వరండా నర్సరీలా కళకళలాడిపోయేది. ఫొటోలు అయ్యేవి. ఆ తరువాత వాటి మొహం చూసే దిక్కుండేది కాదు. ఫిబ్రవరికి సగం వాడిపోయేవి, మార్చికి కుండీల్లో అగ్గిపుల్లలూ టీ కప్పులూ మొలిచేవి. ఆ అన్యాయం నేను చూడలేకపోయాను. రోజుకొకటి సంచిలో పెట్టుకుని బస్సెక్కించి ఉదయగిరికి తీసుకుపోవడం మొదలుపెట్టాను. ఎండిన కొమ్మలు కత్తిరించి, మన్ను మార్చి, పెయింటు డబ్బాల్లోనూ నూనె టిన్నుల్లోనూ నాటి వరండాలో వరసగా పెట్టేదాన్ని. మనీప్లాంటు, పాము చర్మంలాంటి చారల ఆకుల స్నేక్ ప్లాంటు, పేరు తెలియని ఇంకో పది రకాలు. అవి మహా మొండి జాతులు, ఎవరు నీళ్ళు పోసినా బతికేవేనని నాకు అప్పుడు తెలియదు. నా చేతి మహిమే అనుకున్నాను.

మా ఆఫీసులో ఒక రికార్డు అసిస్టెంటు ఉండేవాడు. జిరాక్సు మిషను ఆయన మాట తప్ప ఇంకొకరి మాట వినేది కాదు గనక అందరికీ ఆయన జిరాక్సు అన్న. నేను సంచి పట్టుకుని బయల్దేరితే చాలు, "ఏమ్మా డాక్టరమ్మా, ఈరోజు ఏ కేసు అడ్మిట్ చేస్తుండావు?" అనేవాడు. ఆయన ఎగతాళిగా అన్నాడు, నేను బిరుదుగా తీసుకున్నాను. నెల తిరక్కుండా పక్క ఆఫీసువాళ్ళు కూడా వడలిపోయిన తొట్లు తెచ్చి నా టేబులు కింద పెట్టి పోయేవాళ్ళు. ఇంటికి తెచ్చే ప్రతి కొత్త కేసునూ అవ్వ కింది నుంచి పైదాకా చూసి, "ఇది కాయలు కాస్తాదా?" అని అడిగేది. కాయదంటే, "పూలన్నా పూస్తాదా?" అనేది. అదీ లేదంటే, "మరి మేకకన్నా పెట్టొచ్చా?" అనేది. మూడింటికీ కాదని చెప్పి చెప్పి నేను అలిసిపోయాను గానీ అడగడం అవ్వ మానలేదు.

ఇక పెద్దమేడం. మా ఆఫీసుకు పెద్ద ఆవిడే. తలుపు దగ్గర చెప్పుల చప్పుడు వినబడితే ఫ్యాను కూడా నెమ్మదిగా తిరుగుతుందనిపించేది. ఒంటరి మనిషి. ఆమె టేబులు మీద తెల్ల పింగాణీ కుండీలో ఒక స్పైడర్ ప్లాంటు ఉండేది. పొడుగాటి సన్నటి ఆకులు, మధ్యన తెల్లచార, కుండీ అంచుల మీంచి నాలుగువైపులా వంగి చూడముచ్చటగా ఉండేది. ఎవరి చూపు దానిమీద పడినా మేడం ఒకటే చెప్పేది: "మా అమ్మ ఇచ్చింది, నేను ఉద్యోగంలో చేరిన రోజు. ఎన్ని ట్రాన్స్‌ఫర్లయినా నాతోనే వస్తుంది." ఆ మాట చెప్పేటప్పుడు మాత్రమే ఆమె గొంతు మెత్తబడేది. ఆ అదును చూసి మావాళ్ళు సెలవు చీటీలు ముందు పెట్టేవాళ్ళు.

ఒక అక్టోబరులో మేడం మోకాలి ఆపరేషనుకు నలభై అయిదు రోజులు సెలవు పెట్టింది. పోయేముందు అందరినీ పిలిచి ఫైళ్ళన్నీ ఎవరివి వాళ్ళకు అప్పజెప్పి, చివర్లో మొక్కవైపు చూసి, "దీన్ని ఎవరు చూసుకుంటారు?" అని అడిగింది. అందరూ ఎవరి ఫైళ్ళు వాళ్ళు సర్దుకోసాగారు. నా చెయ్యి దానంతటదే లేచింది. చెయ్యి ఒక్కటే లేస్తే బాగుండేది, నోరు కూడా లేచింది. "మీరొచ్చేసరికి రెండింతలు చేసి పెడతాను మేడం" అన్నాను. మేడం నన్ను కాసేపు చూసి, "నీ ప్రొబేషన్ ఫైలు నేనొచ్చాక చూస్తాను. మొక్క జాగ్రత్త" అంది. బయటికి రాగానే జిరాక్సు అన్న నా పక్కకు వచ్చి, "ఆ రెండు మాటలు ఒకదాని ఎనకాల ఒకటి ఊరికే చెప్పలేదు పాపా. చూసుకో" అన్నాడు. ప్రొబేషన్ అంటే తెలియనివాళ్ళకు చెబుతున్నాను: అది పూర్తయిందని ఆఫీసరు సంతకం పెడితేనే ఉద్యోగం ఖాయం. మా ఇంట్లో మొట్టమొదటి ఉద్యోగం ఒక పింగాణీ కుండీలోకి వచ్చి కూర్చుందన్నమాట.

ఆ మొక్కను ఆఫీసులోనే ఉంచి రోజూ ఇన్ని నీళ్ళు పోసుంటే సరిపోయేది. జిరాక్సు అన్న కూడా అదే చెప్పాడు. కానీ ఇంత పెద్ద కేసు ఆసుపత్రికి రాకపోతే డాక్టరు పరువేముంటుంది? ఒళ్ళో పెట్టుకుని, కిటికీ గాలి తగలకుండా కొంగు కప్పి, ఉదయగిరి దాకా తీసుకుపోయాను. కండక్టరు "బిడ్డ నిద్రపోతున్నాడా?" అని అడిగి, కొంగు కింద ఆకులు చూసి మళ్ళీ ఆ వైపు రాలేదు.

మా పక్క బోరు నీళ్ళ సంగతి మా పక్కవాళ్ళకు చెప్పక్కర్లేదు. గ్లాసులో పోసి రెండు రోజులుంచితే అంచున తెల్లగా గీత పడుతుంది. మేడం తన మొక్కకు తాను తాగే క్యాను నీళ్ళే పోసేదట. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రోగి పాత చీటీలు చూడకుండా మందు రాసేశాను. వారం తిరిగేసరికి ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగాయి. ఫోనులో వీడియోలు చూశాను. ఒకాయన ఎండలో పెట్టమన్నాడు, ఒకామె నీడలో పెట్టమంది, ఇంకొకాయన ఎరువు వెయ్యమన్నాడు. ఎవరినీ చిన్నబుచ్చడం ఎందుకని పొద్దున ఎండలో, మధ్యాహ్నం నీడలో పెట్టించి, సాయంత్రం ఎరువు వేశాను. కొసల రంగు ఇంకో అంగుళం కిందికి దిగింది.

అవ్వ మూడు రోజులు నా వైద్యం చూసి, నాలుగో రోజు మెట్టు మీద కూర్చుని పిలిచింది. "ఇట్రా. నా పండ్లు చూడు" అని పెదవి పైకెత్తింది. మా అవ్వ ఆకూవక్కా ముట్టదు, అయినా చిన్నప్పటి నుంచీ ఆమె పళ్ళమీద గోధుమరంగు చారలే. "చూసినావా? ఇప్పుడు దాని కొసలు చూడు. రెండూ ఒకటే. గార పట్టింది దానికి" అంది. నాకు నవ్వొచ్చింది. "మొక్కకు పళ్ళెక్కడివి అవ్వా?" అన్నాను. "పండ్లు లేకపోతే ఏందిమే, నీళ్ళు తాగుతుండాదా లేదా? ఈ నీళ్ళు ఎవర్ని వదిలినాయి? పో, పోయి మన ఆవు నోరు తెరిచి చూడు" అంది. ఆవు నోరు తెరవలేదు గానీ, ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. (అదీ ఎందుకు ఒప్పుకున్నానంటే, ఫ్లోరైడు నీళ్ళకు ఈ మొక్క కొసలు మాడతాయని ఫోనులో ఎక్కడో ఇంగ్లీషులో రాసి ఉంది. మా అవ్వ తెలుగులో చెబితే నాకు ఆనలేదు.)

అప్పటి నుంచి మొక్కకు క్యాను నీళ్ళు. పక్కింటి అత్త గోడమీంచి చూసి, "ఏందిమే, మనుషులం మేము బోరు నీళ్ళు తాగుతుంటే చెట్టుకి క్యాను నీళ్ళా?" అని నిలదీసింది. "అది మా పెద్దమేడం చెట్టు అత్తా" అన్నాను. "ఆఫీసరు చెట్టా, అయితే తాగనీ" అని లోపలికి పోయింది. మాడిన కొసలు కత్తిరించాక మొక్క కాస్త తేరుకుంది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ నేను ప్రతి సాయంత్రం దాని ముందు గొంతుక్కూర్చుని, "ఇది పోతే నా ఉద్యోగం పోయినట్టే అవ్వా" అంటుండేదాన్ని. అవ్వ పైకేమీ అనేది కాదు. లోపల ఎంత పెట్టుకుందో ఆదివారం తెలిసింది.

చర్చిలో ఆరాధన మధ్యన పాస్టరయ్యగారు, ప్రార్థన అవసరతలు ఉన్నవాళ్ళు చెప్పండమ్మా అంటారు. ఒకరు కొడుకు ఇంటర్వ్యూ అన్నారు, ఒకరు నడుమునొప్పి అన్నారు, ఒకాయన బోరు వేయిస్తున్నాం నీళ్ళు పడాలన్నాడు. అప్పుడు మా అవ్వ లేచి నిలబడింది. "అయ్యగారూ, మా ఇంట్లో ఒక మొక్కకి ఒంట్లో బాగలేదు. అది మా మనవరాలి ఆఫీసరమ్మది. ఆమె కాలు ఆపరేషను చేయించుకోని పండుకోనుండాది. ఆమె లేసి వచ్చేలోపల ఇది లేసి నిలబడాల. లేకుంటే మా పిల్ల ఉద్యోగం నిలబడదు" అని చెప్పి కూర్చుంది. నేను ముందు బెంచీ కిందికి దూరే దారి వెతుకుతున్నాను. పాస్టరయ్యగారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని, చాలా మర్యాదగా, "మొక్క పేరేందమ్మా?" అని అడిగారు. అవ్వ నావైపు తిరిగి "చెప్పుమే" అంది. కొంగులోంచి "స్పైడర్ ప్లాంటు" అన్నాను. నడుమునొప్పికీ బోరుకూ మధ్యన స్పైడర్ ప్లాంటును కూడా ప్రభువు చేతికి అప్పగించి అయ్యగారు ప్రార్థన చేశారు. సంఘమంతా గట్టిగా ఆమెన్ అంది. నిజం చెప్పాలంటే, ఆ ఆమెన్ వినగానే నా సిగ్గు సగం పోయి కాస్త గొప్పగా కూడా అనిపించింది. ఇంతమంది చేత ఆమెన్ అనిపించుకున్న మొక్క ఇంకెక్కడైనా ఉందా?

అయితే మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ప్రార్థనలో పేరు చెప్పిన రోగిని పోయి చూడకుండా ఉండటం మర్యాద కాదు. ఒట్టిచేతులతో పోవడం అంతకన్నా కాదు. సోమవారం నుంచి బుధవారం దాకా నేను ఆఫీసులో, అమ్మా నాయనా చేనిలో. ఇంట్లో అవ్వ ఒక్కతే. బుధవారం సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి మొక్క నాలుగువైపులా పడిపోయి ఉంది. ఆకులు ఉడకబెట్టిన తోటకూరలా అయిపోయాయి. కుండీలోంచి పులిసిన వాసన వస్తోంది. "ఏం జరిగింది అవ్వా?" అంటే అవ్వ వేళ్ళు మడుస్తూ చెప్పింది. "సంఘపెద్ద వాళ్ళావిడ వచ్చి మజ్జిగ పోసింది, చలవ చేస్తాదని. టీచరమ్మ కోడిగుడ్డు పెంకులు దంచి తెచ్చింది. టీ అంగడాయన పిప్పి పంపించినాడు. దుత్తలూరు నించి మా చెల్లెలు వచ్చింది గదా, పాపం బస్సులో వచ్చింది, చిటికెడు యూరియా ఏసింది. పక్కింటామె హార్లిక్సు కలిపింది." "హార్లిక్సా?" "నీరసంగా ఉండాదని. ఇంకా ఎవరో ప్రార్థన చేసిన నూనె ఆకులకి రాసినారు." నేను నెత్తిన చేతులు పెట్టుకున్నాను. "వద్దని ఒక్కమాట అనలేకపోయినావా?" అన్నాను. అవ్వ మొహం చిన్నబోయింది. "చూడ్డానికి వచ్చినోళ్ళని ఎట్టా వద్దంటాం? మంచికే గదా చేసినారు" అంది.

ఆ సాయంత్రం నేను ఏడ్చాను. ఉద్యోగం పోతుందన్న భయం కొంత. నిజంగా పోదని లోపల ఎక్కడో తెలుసు. ఇంట్లో మొదటి ఉద్యోగస్తురాలిని, ఒక్క కుండీ అప్పజెబితే చూసుకోలేకపోయాననే సిగ్గు ఎక్కువ. అంతకన్నా ఎక్కువగా, మా అమ్మ ఇచ్చింది అన్నప్పుడు మెత్తబడే మేడం గొంతు చెవిలో వినబడుతూ ఉంది. ఆమెకు ఏమని చెప్పను? మీ అమ్మ ఇచ్చినదాన్ని మావాళ్ళు ప్రేమగా చంపేశారని చెప్పనా?

మరునాడు సంగతంతా విని జిరాక్సు అన్న నవ్వలేదు. అదే నాకు ఇంకా భయమేసింది. శుక్రవారం ఏఎస్ పేట దర్గాకు పోయి ఒక దారం తెచ్చి ఇచ్చాడు. "ఇది కుండీకి కట్టు. మంచే జరుగుతాది" అని, రెండడుగులు పోయి వెనక్కి వచ్చి, "ఎందుకైనా మంచిది, నెల్లూరు నర్సరీలో అట్టాంటిదే ఇంకోటి కూడా తెచ్చి పెట్టుకో. కుండీ అదే గదా, మేడానికేం తెలుస్తాది?" అన్నాడు. దారం అవ్వ చేత కుండీకి కట్టించాను. రెండో మాట మనసులో కట్టుకున్నాను.

ఈలోపల అవ్వ కేసును నా చేతిలోంచి తీసుకుంది. గురువారం పొద్దున్నే కుండీని బోర్లించి, మజ్జిగా హార్లిక్సూ కలిసిన ఆ మన్నంతా పారబోసి, వేళ్ళను క్యాను నీళ్ళతో కడిగింది. కుళ్ళిన ఆకుల్నీ వేళ్ళనూ కత్తితో కోసేసింది. ఆకు ఒక్కటి మిగల్లేదు. కింద మాత్రం లావుపాటి తెల్లటి వేళ్ళు, లేత ముల్లంగుల్లాగా అయిదారు గట్టిగా ఉన్నాయి. అవ్వ వాటిని బొటనవేలితో నొక్కి చూసింది. "ఇంకా ప్రాణం ఉండాది. పాలు ఎక్కువ తాగి పారుకునే మేకపిల్లకి ఏంజేస్తామో దీనికీ అదే. పొట్ట ఎండగట్టాల. ఆకలైతే అదే లేస్తాది" అంది. వట్టి ఇసకలో ఇంత ఎర్రమన్ను కలిపి మళ్ళీ ఆ కుండీలోనే నాటి, కొట్టం వసారాలో మేకపిల్లల్ని మూసే గంప దాని మీద బోర్లించింది. "పదహైదు దినాలు ఎవరూ దీన్ని చూడబాకండి. నీళ్ళు పోయబాకండి. నువ్వు అసలే దీని పక్కకి రాబాక" అని నాకు ప్రత్యేకంగా చెప్పింది.

నా డాక్టరు పని అట్లా పోయింది. రోజూ ఆఫీసు నుంచి వచ్చి గంప దగ్గర తారాడేదాన్ని, అవ్వ మేకల్ని తోలే కర్ర చూపించేది. చూడ్డానికి వచ్చినవాళ్ళను వాకిట్లోనే కూర్చోబెట్టి టీ ఇచ్చి, "ఐసీయూలో ఉండాది. లోపలికి పంపరు" అని చెప్పి పంపించేది. ఆ మాట ఆమె ఎక్కడ నేర్చుకుందో నాకు ఈరోజుకీ తెలియదు. ఈలోపల వాన పట్టింది. అవ్వ చూరు కింద గిన్నె పెట్టి వాననీళ్ళు పట్టింది. పదహైదు రోజులూ గడిచాక ఆ నీళ్ళే రెండు చెంచాలు పోసింది. చెంచాలే. చెంబు కాదు.

ఆ మరుసటి రోజు పొద్దున నేను బస్సుకు బయల్దేరుతుంటే, "ఇట్రా" అని పిలిచి గంప కొంచెం ఎత్తింది. ఇసకలోంచి పచ్చగా రెండు మొనలు, జొన్నగింజ మొలిచినంత. నేను అరిచాను. "అరవబాక, బెదురుకుంటాది" అని గంప మూసేసింది. ఆ రోజు బస్సులో నా పక్కన కూర్చున్న ఎవరో ముసలాయనకు ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా స్పైడర్ ప్లాంటు వేళ్ళ గురించి చెప్పాను. పాపం ఆయన మధ్యలో దిగాల్సినవాడు, మొహమాటానికి రెండు స్టాపులు ఎక్కువ వచ్చాడు.

మేడం సోమవారం వస్తోందని కబురొచ్చే నాటికి మొక్కకు మూడాకులు. వేలెడంత పొడుగు. నాకు, అవ్వకు అది అద్భుతం. చూసేవాళ్ళకు ఖాళీ కుండీలో పడిన మూడు గడ్డిపరకలు. రెండింతలు చేస్తానన్నదాన్ని మూడు గడ్డిపరకలు పట్టుకుని ఎట్లా పోను? శనివారం నెల్లూరు పోయి నర్సరీలో అచ్చం అట్లాంటిదే గుబురైన మొక్క కొనుక్కొచ్చాను. ఆదివారం సాయంత్రం వరండాలో దాన్ని మేడం కుండీలోకి మారుద్దామని మన్ను గిల్లుతున్నాను. అవ్వ వచ్చి నిలబడింది. కొత్త మొక్కను చూసింది, నన్ను చూసింది. "ఇదెవురు?" అంది. నేను నసిగాను. మేడం బాధపడుతుందనీ, ఇది చూస్తే సంతోషిస్తుందనీ, మూడాకులది మన దగ్గరే భద్రంగా ఉంటుందనీ ఏదేదో చెప్పాను. అవ్వ తిట్టలేదు. మెట్టుమీద కూలబడి, "ఇరవై దినాలకి పైన దీన్ని బిడ్డని చూసినట్టు చూసినా. నా చేత్తో బతికిందని ఒక్కరికన్నా చూపిద్దామనుకున్నా. నువ్వు దాన్ని దాచిపెట్టి, అంగట్లో కొన్నదాన్ని చూపిస్తావా?" అంది. నేనెంత గొప్పలు పోయేదాన్నో, అదే రక్తం అవ్వలోనూ ఉందని అప్పుడు తెలిసింది. డెబ్భై ఏళ్ళలో ఆమె తనకు తానుగా గొప్ప చెప్పుకోవాలనుకున్నది అదొక్కటే. నేను చేతులు కడుక్కున్నాను. "రేపు నువ్వు కూడా రా అవ్వా" అన్నాను.

సోమవారం అవ్వ చర్చికి కట్టే తెల్లచీర కట్టుకుని, కుండీ ఒళ్ళో పెట్టుకుని ఆత్మకూరు వచ్చింది. ఆఫీసంతా లేచి చూసింది. మేడం కర్ర ఊతంతో కుర్చీలో కూర్చుని ఉంది. చెప్పాల్సిన మాటలు బస్సులో బట్టీపట్టాను గానీ, నేను నోరు తెరిచేలోపల అవ్వ కుండీని టేబులు మీద పెట్టింది. "అమ్మా, మీ చెట్టుని మావోళ్ళందరూ కలిసి చంపినారు. మంచికే చేసినారు గానీ చంపినారు. నేను మళ్ళా బతికించినా. మూడాకులుండాయి. చూసుకోండి" అంది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి మేడం ఆ మూడాకుల్ని వేలితో తాకి చూస్తోంది. "ఇది అదేనా?" అని అడిగింది. "అదే మేడం. ఇంకోటి కూడా కొన్నాను, మీకు చూపిద్దామని. అవ్వ వద్దంది" అని ఉన్నదంతా ఒక్కసారిగా కక్కేశాను. "ఎక్కడ కొన్నావు?" అంది మేడం. నెల్లూరు నర్సరీ గుర్తులు చెప్పాను. మేడం తలుపు వెయ్యమంది. వేశాను. అప్పుడామె నవ్వింది. నేను ఆ ఆఫీసులో చేరాక ఆమె నవ్వడం అదే మొదలు.

"నేను కూడా అక్కడే కొన్నాను, పోయినసారి" అంది. నాకు అర్థం కాలేదు. మేడం అవ్వకు చెబుతున్నట్టుగా చెప్పింది. "మా అమ్మ ఇచ్చింది మొదటి పోస్టింగులోనే పోయిందమ్మా. పని ఒత్తిడిలో పట్టించుకోలేదు. ఆ సంవత్సరమే అమ్మ కూడా పోయింది. ఈ కుండీ ఖాళీగా చూడలేక అట్లాంటిదే ఇంకోటి తెచ్చి పెట్టాను. అదీ పోయింది, ఇంకోటి తెచ్చాను. ఇది నాలుగోది. ఎవరడిగినా మా అమ్మ ఇచ్చిందనే చెబుతాను. పోయిందని చెబితే ఆమె ఇంకోసారి పోయినట్టుంటుంది." కుండీని దగ్గరికి జరుపుకుని, "నా దగ్గర చచ్చిపోనిది ఇదొక్కటే" అంది. అవ్వ కుర్చీ దగ్గరికి జరిగి, ఆఫీసరని కూడా చూడకుండా ఆమె భుజం మీద చెయ్యేసింది. "అయితే ఇదే మీ అమ్మ ఇచ్చిందనుకోండి. ఇంక మార్చబాకండి. బోరు నీళ్ళు పోయబాకండి" అంది. ఆ తరువాత ఇద్దరూ మోకాళ్ళ నొప్పుల గురించి గంటసేపు మాట్లాడుకున్నారు. నా ప్రొబేషన్ ఫైలు మీద సంతకం ఆ మధ్యలోనే ఎప్పుడో అయిపోయింది. నేను గమనించనే లేదు.

ఆ తరువాత మేడం ట్రాన్స్‌ఫరై పోయింది, మొక్కా ఆమెతో పోయింది. నేనూ ఊళ్ళు మారి, మళ్ళీ తిరిగి తిరిగి ఆత్మకూరుకే వచ్చాను. ఈ కథ మాత్రం నేను చెప్పని ఆఫీసు లేదు, చెప్పని పెళ్ళి లేదు. మేడం రహస్యం దాచి, మిగతాదంతా ఎక్కువలో ఎక్కువగా నా గొప్పే కనబడేట్టు చెబుతుండేదాన్ని. మొన్న మేడం రిటైర్మెంటు ఫంక్షనుకు పిలిస్తే అవ్వను కూడా తీసుకుపోయాను. అవ్వకు ఎనభై దాటాయి. దండలూ శాలువాలూ అయ్యాక చూస్తే, స్టేజి పక్కన టేబులు మీద ఆ తెల్ల కుండీ, కుండీ కనబడకుండా నాలుగువైపులా ఆకులు. ఎవరో కొత్తగా చేరిన అమ్మాయి దాన్ని చూసి, "ఎంత బాగుంది మేడం, ఎక్కడిది?" అని అడిగింది. ఆ ప్రశ్నకు మేడం ముప్పై ఏళ్ళుగా చెప్పే జవాబు నాకు తెలుసు. నేనది వినడానికి సిద్ధపడ్డాను. మేడం నోరు తెరిచి, ఆగి, మా ఇద్దరివైపూ చూసి, "వీళ్ళనడుగు. ఈ అవ్వా, మనవరాలూ ఇచ్చారు" అంది.

ఆ అమ్మాయి నావైపు తిరిగింది. హాలులో సగం మంది తిరిగారు. ఇన్నేళ్ళుగా అడగనివాళ్ళకు కూడా చెప్పినదాన్ని, అంతమంది అడిగి నిలబడితే ఒకడుగు వెనక్కి వేశాను. అవ్వ చెయ్యి పట్టుకుని ముందుకు నడిపించి, "ఈమె బతికించింది" అని మాత్రం అనగలిగాను. అవ్వ గార పళ్ళన్నీ కనబడేట్టు నవ్వి, ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని మజ్జిగ దగ్గర మొదలుపెట్టింది. కథ నాకంటే బాగా చెబుతోంది. నేను వెనక వరసలో కూర్చుని మొదటిసారి దాన్ని వినేదాన్నై విన్నాను. అందులో నేను గట్టిగా రెండు చోట్ల కూడా లేను.